ఉడకబెట్టిన రాజుగారి అంగరఖా

కుట్టుపనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నా దగ్గరికొచ్చినప్పుడు ఒకటే అడుగుతారు: "తాతా, నాటకాల కంపెనీలో రాజుల బట్టలు కుట్టినావంట గదా! అంత మఖమలు, అంత జరీ ఎట్లా కుట్టినావు?" నేను కుట్టిన రాజు బట్టల్లో మఖమలు లేదంటే వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. చాకలి పొయ్యి మీద ఉడకబెట్టినా పాడవని బట్టలు కుట్టడానికే నన్ను పనిలో పెట్టుకున్నారని చెబితే నవ్వుతారు. ఆ బట్టలు నిజంగా పొయ్యి ఎక్కిన రోజు మాలో ఎవరికీ నవ్వు రాలేదు. ఆ రోజు గురించే చెబుతాను.

స్వరాజ్యం రాకముందు సంగతి. మాది కర్నూలు. తాతలనాటి నుంచి దర్జీపనే. కడప, కర్నూలు జిల్లాల్లో ఎడ్లబండ్ల మీద తిరిగే నాటకాల కంపెనీ ఒకటి మా ఊరికి వచ్చినప్పుడు, వాళ్ళ చినిగిన తెరలు కుట్టడానికి వెళ్ళి, వాళ్ళతోనే ఉండిపోయాను. గండికోట రాజు కథ వాళ్ళకు పేరు తెచ్చిన ఆట. కోట ముట్టడి, కత్తియుద్ధం, చివర రాజు మరణం. పెన్న ఒడ్డు ఊళ్ళలో ఆ ఆటకు జనం పిల్లాజెల్లతో బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు.

కంపెనీ యజమాని వేషం వేసేవాడు కాదు. డేరా, బండ్లు, ఎడ్ల మేత, ఊరి పెద్దలతో మాటలు ఆయనవి. రాణి వేషం ఆయన భార్యది. కంపెనీలో అందరం ఆమెను అక్కా అనేవాళ్ళం. కోటను ముట్టడించే శత్రు సేనాపతి వేషం ఆమె సొంత తమ్ముడిది. ఇరవై దాటిన అందగాడు, విలన్‌గా వచ్చినా ఆడవాళ్ళు ముందుకు జరిగి చూసేవాళ్ళు. రాజు వేషగాడు వీళ్ళకు బంధువు కాదు. భారీ మనిషి, గంట కొట్టినట్టుండే గొంతు. మేము ఆయన్ని బయట కూడా రాజుగారూ అనే పిలిచేవాళ్ళం. ఆ పిలుపు లేకపోతే ఆయన పలికేవాడు కాదు.

వేషాలన్నీ యజమాని తండ్రి బొంబాయి నుంచి తెప్పించిన మఖమలు కోట్లు. వాటికి నీళ్ళు తగిలితే పనికిరావు. అందుకని కొన్ననాటి నుంచి వాటిని ఉతికినవాళ్ళు లేరు. ఆట అయ్యాక ఎండలో పరచడం, పెట్టెలో పెట్టడం, అంతే. మన ఎండలు తెలుసు కదా. వీపు మీద చెమట ఆరి తెల్లని ఉప్పు చారలు కట్టేవి. రాజుగారి మెడ చుట్టూ సెగగడ్డలు. చివరి సీనులో ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని అక్క ఏడవాలి.

"జనం నన్ను చూసి ఎంత బాగా ఏడుస్తాండాది అంటారు సాయెబూ," అంది అక్క నాతో, నేను చేరిన కొత్తలో. "అది ఏడుపు కాదు. ఆ కోటు గబ్బుకు నా కండ్లు మండుతాండాయి. ఉతుక్కునే రాజు బట్టలు కుట్టలేవా?"

మా దాదా, అంటే మా నాయనకు నాయన, చిన్నప్పుడు కర్నూలు నవాబుల ఇంట్లో వాళ్ళకు బట్టలు కుట్టిన పెద్దల చేతి కింద పని నేర్చుకున్నాడు. ఆయన అంగరఖాలు కుట్టడం నేను చూశాను. ఎదమీద ఒక అంచు మీద ఇంకో అంచు వచ్చి, పక్కన నాడాలతో ముడివేసుకునే పొడవాటి అంగీ అది. అంతా నూలే. ఆ సంగతే అక్కకు చెప్పాను.

"అంటే పాతకాలం రాజులు గూడా నూలు బట్టలే కట్టినారంటావా?" అంది అక్క.

"ఈ ఎండల్లో మఖమలు వేసుకుంటే యుద్ధం దాకా ఎందుకక్కా, కోట ఎక్కేలోపలే పడిపోయేవాళ్ళు."

అట్లా మొదలైంది. కంపెనీ బట్టలు ఉతికే చాకలవ్వ నాకు ఆ పనిలో సగం గురువు. గుడ్డను కత్తిరించే ముందే తడిపి ముడుచుకోనివ్వమంది. లోపల అస్తరు గుడ్డ వద్దంది. "పైగుడ్డ ఒక తీరున ముడుసుకుంటాది, అస్తరు ఇంకో తీరున ముడుసుకుంటాది నాయనా. రెండూ కొట్లాడుకుంటాయి," అంది. ప్రొద్దుటూరు వైపు నేతగాళ్ళ దగ్గర చిక్కని తెల్లనూలు తెచ్చాను. జరీని అంగీకి కుట్టలేదు. వేరే పట్టీలుగా చేసి గుండీలతో తగిలించాను. ఉతికే ముందు ఊడదీయవచ్చు, ఆరాక తిరిగి పెట్టవచ్చు. చంకల కింద విడిగా మార్చుకునే ముక్కలు. దీపాల వెలుగులో దూరం నుంచి చూస్తే జరీ మెరుస్తుంది, తెలుపు నిండుగా కనిపిస్తుంది. నాకు నచ్చింది.

యజమానికి నచ్చలేదు. "రాజు మాదిరి ఉండాడా ఈయన? తలంటుకున్న పెండ్లికొడుకు మాదిరి ఉండాడు," అన్నాడు. రాజుగారు అద్దంలో వెనక్కి తిరిగి, పక్కకు తిరిగి చూసుకున్నాడు. అక్క గట్టిగా చెప్పింది కాబట్టి వేసుకున్నాడు. మిగతా వేషాలవీ కుట్టాను కానీ, సేనాపతి అంగీ ఇంకా నా మిషను మీదనే ఉండింది, కాబట్టి తమ్ముడు పాత మఖమలు కోటుతోనే ఆడుతున్నాడు.

కడప దగ్గర ఒక మజిలీలో ఆ తమ్ముడికి జ్వరం వచ్చింది. ముందు ఎండదెబ్బ అనుకున్నాం. జ్వరం కాస్త తగ్గి, ముఖం మీద పొక్కులు లేచాయి. అమ్మవారు పోసిందని చాకలవ్వే మొదట గుర్తుపట్టింది. సర్కారువాళ్ళు వచ్చి ఊరి బయట ఆకుల కొట్టంలో పడుకోబెట్టారు. మాతోనే తిరిగే వాళ్ళ అమ్మ తోడుగా ఉండిపోయింది. మమ్మల్ని మాత్రం వెంటనే కదలమన్నారు. బండి మీద అక్క వెనక్కి తిరిగి కూర్చుంది. కొట్టం కనుమరుగైనాక కూడా అటే చూస్తూ ఉంది. తమ్ముడు విడిచిన కోటును యజమాని తన చేత్తోనే మడిచి, మిగతా కోట్ల మధ్య పెట్టెలో పెట్టాడు. "వాడు లేచి వచ్చినాక వేసుకుంటాడు," అన్నాడు. మాలో ఎవ్వరూ వద్దనలేదు.

తరువాతి మజిలీ కర్నూలు జిల్లాలో ఒక ఊరు. పేరు ఎందుకులెండి, ఆ ఊరివాళ్ళ మనవలూ మనవరాళ్ళూ ఇది చదవవచ్చు. డేరా వేశాం. సాయంత్రం ఆట అని దండోరా వేయించాం. ఉదయం ఎండ ఎక్కుతుండగా శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు, వెంట ఇద్దరు బంట్రోతులు, ఊరి రెడ్డి. వాళ్ళ వెనక జనం. కొందరి చేతుల్లో కట్టెలున్నాయి.

ఇన్‌స్పెక్టరు చిన్నవాడు. కేకలు వేయలేదు. మా అందరి చేతులూ చాపించి టీకా మచ్చలు చూశాడు. మచ్చ లేని వాళ్ళకు అక్కడే టీకా వేశాడు. తరువాత యజమానిని అడిగాడు. "మీ కంపెనీలో ఒకాయనకు మశూచి వచ్చిందని కడప నుంచి కబురొచ్చింది. ఆయన వేసుకున్న బట్టలు ఎక్కడున్నాయి?"

యజమాని చూపు బండి మీది పెట్టె వైపు పోయింది. అబద్ధం చెప్పలేడు, నిజం చెప్పలేడు. జనంలోంచి ఒకామె అరిచింది. "ఏమప్పా రెడ్డీ, సూస్తా నిలబడినావే? వాళ్ళను ఈడనుంచి పంపించు. మా బిడ్డలుండారు!"

"పంపిస్తే పక్క ఊరికి పోతారు. అక్కడా బిడ్డలుంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఉడకబెట్టగలిగినవి నా కళ్ళముందు ఉడకబెట్టాలి. ఉడకబెట్టలేనివి కాల్చాలి. అట్లా చేస్తే ఆట ఆడుకోనిస్తాను. లేదంటే ఈ బండ్లు ఇక్కడి నుంచి కదలవు."

పెట్టె తెరిపించాడు. మఖమలు కోట్లన్నీ ఒకదాని మీద ఒకటి, తమ్ముడి కోటు నడుమన. ఇన్‌స్పెక్టరు ఒక్కసారి చూసి, "అన్నీ కలిసి ఉన్నాయి కదా," అన్నాడు.

యజమాని పెట్టె మూత దించి, దాని మీద కూర్చున్నాడు. "మా నాయన కష్టం ఇది. నన్ను గూడా దీంతోపాటు కాల్చండి," అన్నాడు. ఒక బంట్రోతు ముందుకు వచ్చాడు. రాజుగారు అడ్డం వెళ్ళి నిలబడ్డాడు. వెనక జనంలో కట్టెలు పైకి లేచాయి. ఎవరైనా ఒక్క దెబ్బ వేసి ఉంటే ఆ తరువాత ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఊహించుకోలేను.

అప్పుడు అక్క ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళింది. కోటు గురించి అడుగుతుందనుకున్నాను.

"ఆ కొట్టంలో పండుకోబెట్టినోళ్ళు బతుకుతారా సామీ?"

ఆయన గొంతు తగ్గించాడు. "కొందరు బతుకుతారమ్మా."

అక్క తల ఊపింది. పెట్టె దగ్గరికి వచ్చి భర్త ముందు నిలబడింది. "లేయ్," అంది. ఆయన లేవలేదు. "వాడు నా తమ్ముడు. నీకు కోట్లు ఎంతనో నాకు వాడు అంతకంటే ఎక్కువ. వాడు బతికొస్తే సాయెబు ఇంకోటి కుట్టి ఇస్తాడు. ఈ ఊర్లో పసిబిడ్డకు పోస్తే ఏం కుట్టిస్తామప్పా మనము? లేయ్."

ఆయన లేచాడు. ఆమె కోట్లను ఒక్కొక్కటిగా తానే తీసి మంటలో వేసింది. ఇంకెవ్వరినీ ముట్టనివ్వలేదు. మఖమలు కాలుతుంటే వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. తమ్ముడి కోటు వేసేటప్పుడు మాత్రం ఆమె చేయి ఆగింది. మడతలు విప్పి, భుజాలు పట్టుకుని ఒకసారి దులిపింది, ఆరేయబోయే బట్టను దులిపినట్టు. అప్పుడు వేసింది. యజమాని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మంట తగ్గాక బూడిదలో జరీ తీగలు నల్లగా ముడుచుకుని మిగిలాయి.

ఇక మాకు మిగిలింది నూలు అంగీలే. అవీ అదే బండిలో వచ్చాయి కాబట్టి ఉడకాల్సిందే. జరీ పట్టీలు నా కుట్టుపెట్టెలో విడిగా ఉండటంతో ఇన్‌స్పెక్టరు వాటిని ఘాటైన మందుతో తుడిపించి ఎండలో పెట్టించాడు. నీళ్ళకు ఇంకో గొడవ. ఊరి బావిలో మమ్మల్ని చేద వేయనీయం అన్నారు ఆ ఊరి ఆడవాళ్ళు. చివరికి రెడ్డి ఊరి బయట చేనికి నీళ్ళు పారించే తన కపిలబావి నుంచి నీళ్ళు తోడుకోమన్నాడు. ఎవరూ పాత్ర ఇవ్వలేదు. మేము అన్నం వండుకునే గుండిగనే పొయ్యి ఎక్కించాం. చాకలవ్వ బట్టలుతికే చౌడుమట్టి కలిపింది. పట్టీలన్నీ ఊడదీసిన అంగీలను నేను ఒక్కొక్కటి అందించాను. రాజుగారి అంగరఖాను ఆయనే తెచ్చి, చుట్టగా చుట్టి తన చేత్తోనే గుండిగలో వేశాడు. అది నాకు వింతగా తోచింది, కానీ అడగలేదు.

నీళ్ళు మరిగాయి. అవ్వ కట్టెతో తిప్పుతోంది. ఇన్‌స్పెక్టరు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. జనం దూరంగా గుంపు కట్టి చూస్తున్నారు. ఉన్నట్టుండి అవ్వ చేయి ఆగింది.

"సాయెబూ," అంది మెల్లగా. "నీళ్ళు ఎర్రగైతాండాయి."

వంగి చూశాను. నేను కుట్టిన వాటిలో ఎర్రని పోగు ఒక్కటి లేదు. అవ్వ కట్టెతో పైకి ఎత్తింది. తెల్లని అంగరఖా మెడ నుంచి నడుము దాకా ఎర్రని మరకలు. నీళ్ళు కారుతున్నాయి.

జనంలో ముందు గుసగుస. తరువాత కేక. "నెత్తురు! నెత్తురు కక్కుతాండాది! అమ్మవారిని ఉడకబెడతారా మీరు? ఊరికి అరిష్టం!" కట్టెలవాళ్ళు ముందుకు కదిలారు. బంట్రోతులు వెనక్కి తగ్గారు. రెడ్డి రెండు చేతులూ చాపి ఆపుతున్నాడు, ఆగడం లేదు. ఒక రాయి వచ్చి గుండిగకు తగిలి మోగింది. అవ్వ మాత్రం కట్టె వదలలేదు. వదిలితే అంగీ మంటలో పడుతుంది.

గుడ్డ నాది, కుట్టు నాది, ఆ ఎరుపు ఎక్కడిదో నాకు తెలియదు.

రాజుగారికి తెలుసు. జనాన్ని చూశాడు, అవ్వను చూశాడు. రెండు అంగల్లో వచ్చి, కాలుతున్న ఆ అంగరఖాను చేతులతో పట్టుకుని లోపలి వైపు తిప్పాడు. మెడ లోపల, ఎద అంచుల లోపల ఎర్రని శాటిను అస్తరు! బర్రుమని చింపి పైకెత్తాడు.

"నెత్తురు కాదయ్యా! నా సోకు ఇది!" ఆ గంట గొంతుతో ఊరంతా వినబడేట్టు అరిచాడు. "నూలు అంగీ వేసుకుంటే నన్ను రాజు అనుకోరని మొన్న కడప బజారులో శాటిను కొని, ఇంకో దర్జీతో దొంగతనంగా కుట్టించుకున్నాను. సాయెబుకు తెలీదు, అవ్వకు తెలీదు. రంగు పోయేది శాటినుకు, సిగ్గు పోయేది నాకు. రాయి వేస్తే నా మీద వేయండి!"

ముందర నిలబడిన ముసలాయన ఒకడు దగ్గరికి వచ్చాడు. చింపిన శాటిను ముక్కను వేళ్ళతో నలిపాడు. వేళ్ళు ఎర్రనైనాయి. వెనక్కి తిరిగి, "రంగేలే ఇది. అంగడి సరుకు," అన్నాడు. ఒకామె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని నేను అక్కడే కింద కూర్చున్నాను. రాజుగారి అరచేతులు బొబ్బలెక్కాయి. ఇన్‌స్పెక్టరు తన పెట్టెలోంచి మందు తీసి పూశాడు.

కానీ సాయంత్రం ఆటకు మచ్చల అంగరఖా ఎట్లా? దగ్గర ఇంకో గుడ్డ లేదు, కుట్టే వ్యవధి లేదు. అవ్వ శాటినును పేలికలు చేసి గుండిగలో వేసింది. గుప్పెడు ఉప్పు వేసింది. అంగరఖాను మళ్ళీ ముంచింది.

"ఏం చేస్తాండావవ్వా?" అన్నాను.

"కొంచెం ఎర్రగైతే మచ్చ. అంతా ఎర్రగైతే రంగు," అంది. కట్టె ఆపకుండా తిప్పుతూనే ఉంది. చేయి నొప్పి పుడితే నేను అందుకున్నాను, నా తరువాత అక్క. ఎక్కడా మడత పడకుండా తిప్పాలి, మడత పడితే చార మిగులుతుంది. తీసి పిండి, రెండు బండ్ల కాడుల మధ్య తాడు కట్టి ఆరేశాం. మన వడగాలిని తిట్టని వాళ్ళు ఉండరు. ఆ రోజు నేను దానికి దండం పెట్టాను. పొద్దు వాలేలోపు ఎముకలాగా ఎండింది. రోజాపూల రంగు తేలింది. కుట్టు ఒక్కటి వదల్లేదు.

"గండికోట రాజుకు పెండ్లికూతురి రంగా," అన్నాడు రాజుగారు నీరసంగా. కట్టు కట్టిన చేతులతో నాడాలు ముడివేసుకోలేకపోతే నేనే ముడివేశాను. జరీ పట్టీలు తగిలించాను. ఈసారి అద్దం అడగలేదు.

సేనాపతి వేషానికి మనిషి లేడు. ఆ మాటలు నోటికి వచ్చినవాడు యజమాని ఒక్కడే. ఎన్నో ఏండ్లుగా తెర పక్కన నిలబడి విన్నాడు కదా. ఆ రోజు కోట ముట్టడికి వచ్చిన సేనాపతి ఆయనే. రెండుసార్లు మాట మరిచిపోతే, కోట మీది నుంచి రాణి "నువ్వు చెప్పబోయేది నాకు తెలుసు" అంటూ ఆయన మాట కూడా తానే అందించింది. ఆ ఊళ్ళో ఎవరికీ జబ్బు రాలేదు. ఇన్‌స్పెక్టరు మరుసటి వారం మనిషిని పంపి ఆ మాట చెప్పించాడు. మేము వెళ్ళేముందు రెడ్డి భార్య గుండిగ నిండా సద్ద సంకటి పంపింది.

తమ్ముడు బతికాడు. ఎండలు తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం, వాళ్ళ అమ్మ చేయి పట్టుకుని మా మజిలీకి నడిచి వచ్చాడు. మేము గుర్తుపట్టలేదు. ముఖమంతా గుంటలు. ఒక కంటి మీద పొర. అక్క పొయ్యి దగ్గర నుంచి లేచి, దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో ఆ ముఖం తడిమింది. ఏడవలేదు.

"సేనాపతిని చూసి జనం భయపడాల గదా," అన్నాడు వాడే. "ఇంక మసి పూసుకునే పని లేదులే అక్కా."

నేను కుట్టి ఉంచిన అంగీ తెచ్చి వేశాను. చేతులు దూర్చగానే ఒళ్ళు ముడుచుకున్నాడు. పళ్ళు బిగబట్టాడు. విప్పి చూస్తే, కొత్తగా వచ్చిన లేత చర్మం మీద లోపలి కుట్ల మడతలు రాసుకుని ఎర్రని గీతలు పడ్డాయి. నేను అది తీసుకుని చెట్టు నీడకు పోయాను. కుట్లన్నీ విప్పాను. లోపలుండే మడతలను పైకి తిప్పి కుట్టాను, వాటి మీద పట్టీలు వచ్చేట్టు గుండీలు మార్చాను. లోపల చేత్తో తడిమితే అరచేతికి ఏమీ తగలకూడదు. అట్లా కుట్టమని నాకు ఎవరూ నేర్పలేదు. అప్పటి నుంచి నేను కుట్టిన వేషాలన్నీ అట్లాగే కుట్టాను.

మళ్ళీ వేసుకున్నాడు. భుజాలు కదిపి చూశాడు.

"ఎట్లుండాది రా?" అంది అక్క.

వాడు చేయి పైకెత్తాడు, ఇంకా పైకి, కత్తి దూసినట్టు. మూలకు పడి ఉన్న గొంతును సవరించుకుని, కోట తలుపులు తెరవమని రాణిని ఆజ్ఞాపించే మొదటి మాట అన్నాడు. గొంతు మునుపటిదే.

అక్క చేతిలో పొయ్యి ఊదే గొట్టం అలాగే ఉంది. నిటారుగా నిలబడి, తలుపులు తెరవనని రాణి మాటతో బదులు చెప్పింది.